ఫీల్డ్ ట్రిప్‌కి టీచర్ సరే అంది, డిస్ట్రిక్ట్ నుంచి వెండర్ ప్యాకెట్ వచ్చింది. ఇప్పుడేం చేయాలి? (టెక్సస్)

మేకలదొడ్డి_సెలైనా

అందరికీ నమస్తే. డాలస్‌కి ఉత్తరాన, సెలైనా దాటాక మాకు 11 ఎకరాల పొలం ఉంది. ఉద్యోగం ఐటీలోనే, పొలం నా పిచ్చి. పద్నాలుగు మేకలు, ఐదు గొర్రెలు, కోళ్ళు, ఒక గాడిద, బెండ, గోంగూర, ఆనప మడులు ఉన్నాయి. శని, ఆదివారాలు చుట్టుపక్కల మనవాళ్ళు పిల్లల్ని తీసుకొస్తుంటారు, పోతూ పోతూ గోంగూర కోసుకెళ్తారు.

ఈ ఏప్రిల్‌లో ఒక పబ్లిక్ స్కూల్ మూడో తరగతి టీచర్ తన సొంత పిల్లలతో వచ్చింది. గుడ్లు పొదిగే ఇంక్యుబేటర్ దగ్గర్నుంచి గంటసేపు కదల్లేదు. మా గ్రేడ్ మొత్తాన్ని అక్టోబరులో తీసుకొస్తానంది. 110 మంది పిల్లలు, తలకు 9 డాలర్లు. నేను నెట్‌లో దొరికిన ఒక పేజీ అగ్రిమెంటు పంపాను. సగం అడ్వాన్సు, అది వెనక్కి ఇవ్వబడదు, పిల్లలకి ఏమైనా అయితే బాధ్యత స్కూలుదే అని అందులో ఉంది. ఆవిడ 'ఓకే, లుక్స్ గుడ్' అని మెయిల్ పెట్టింది.

ఇప్పుడు స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు పబ్లిక్ స్కూళ్ళని నడిపే సంస్థ) పర్చేజింగ్ ఆఫీసు నుంచి, నన్ను వెండర్‌గా, అంటే వాళ్ళకి సేవ అమ్మేవాడిగా, నమోదు చేసుకునే ఫారాల పెద్ద ప్యాకెట్ వచ్చింది. నా అగ్రిమెంటు మీద అడ్వాన్సు, బాధ్యత రెండు పేరాలూ ఎర్రగీత కొట్టి వెనక్కి పంపారు. డబ్ల్యూ-9 అనే పన్ను ఫారం అంట, ఏదో కాన్‌ఫ్లిక్ట్ ఫారం అంట, నేరచరిత్ర నోటీసు అంట, ఇజ్రాయెల్‌ని బహిష్కరించనని హామీ అంట, ఇన్సూరెన్స్‌లో డిస్ట్రిక్ట్‌ని 'అడిషనల్ ఇన్సూర్డ్'గా, అంటే మా పాలసీ వాళ్ళకీ వర్తించేలా, చేర్చాలంట. 990 డాలర్ల బేరానికి ఇంత కాగితమా? హైదరాబాద్‌లో మా హెడ్‌మాస్టారు మమ్మల్ని జూపార్కుకి తీసుకెళ్ళాలంటే బస్సు మాట్లాడి టికెట్లు కొనడమే చూశాను.

తెలిసినవాళ్ళు చెప్పండి. ఇది నింపడం దండగా? అడ్వాన్సు లేకుండా ఎలా ఒప్పుకోవడం, రేపు వాళ్ళు రాకపోతే? పిల్లాడు పడితే బాధ్యత ఎవరిది? టీచర్ మెయిల్‌లో ఓకే అంది కాబట్టి బెంచీలు, చేతులు కడుక్కునే సింకులు ఇప్పుడే ఆర్డర్ చేయొచ్చా? మా ఇన్సూరెన్స్ ఏజెంటు మాత్రం ఫార్మ్ పాలసీలో ఇవేవీ రావు అంటున్నాడు.

---

పర్చేజింగ్_పిన్ని

అలాంటి ఎర్రగీతలు కొట్టే బల్ల దగ్గరే నేను పనిచేస్తాను, అందుకని మీ పోస్టు చూసి ఆగలేకపోయాను. మీ డిస్ట్రిక్ట్ కాదులెండి, ఆ దరిదాపుల్లోదే ఇంకొకటి.

మీ చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను, ఎందుకంటే డబ్బులు పోయేది అక్కడే. బెంచీలు ఆర్డర్ చేయకండి. టీచర్ 'ఓకే' అంటే ఆవిడకు నచ్చిందని అర్థం, అంతకు మించి ఏమీ లేదు. డిస్ట్రిక్ట్ తరఫున ఒప్పందం చేసే అధికారం బోర్డుది. బోర్డు దాన్ని సూపరింటెండెంట్‌కి, ఆయన మా బాస్ లాంటి ఒకరిద్దరికి అప్పగిస్తారు. టీచరే కాదు, చాలా చోట్ల ప్రిన్సిపాల్ సంతకానికి కూడా విలువ లేదు. మీకు కావలసింది ఒకటే, పర్చేజ్ ఆర్డర్ (పీఓ) నంబరు, అంటే డిస్ట్రిక్ట్ కొనడానికి ఒప్పుకున్నట్టు ఇచ్చే అధికారిక కాగితం నంబరు. పీఓ లేకుండా పిల్లలు వచ్చి వెళ్ళిపోయారనుకోండి, ఆ బిల్లు మా దగ్గర 'అనుమతి లేని కొనుగోలు' అవుతుంది. అది తేలేసరికి మీకు తల ప్రాణం తోకకి వస్తుంది, పాపం ఆ టీచర్‌కి మెమో కూడా వస్తుంది.

లోపల జరిగేదేమిటంటే, టీచర్ ముందు ట్రిప్ రిక్వెస్టు పెడుతుంది. అందులో టెక్సస్ పాఠ్యప్రమాణాల్లో, అదే మనం టీక్స్ అంటామే, ఏ అంశానికి ఈ ట్రిప్ పనికొస్తుందో రాయాలి. మూడో తరగతి సైన్సులో జీవుల జీవచక్రాలు ఉన్నాయి కాబట్టి మీ ఇంక్యుబేటర్ భేషుగ్గా సరిపోతుంది. టీచర్‌కి మీరే ఒక అర పేజీ రాసిచ్చేయండి: ఏ స్టాప్‌లో ఏం చూస్తారు, ఏ పాఠానికి పనికొస్తుంది అని. మేకలకి గడ్డి పెట్టడం సరదాగా ఉంటుంది అని రాస్తే ప్రిన్సిపాల్ బల్ల మీదే ఆగిపోతుంది. ప్రిన్సిపాల్ సంతకం అయ్యాక ట్రాన్స్‌పోర్టేషన్ వాళ్ళు బస్సు ఉందో లేదో చూస్తారు. ఆ తర్వాత స్కూల్ సెక్రటరీ రిక్విజిషన్, అంటే ఇది కొనండి అనే అభ్యర్థన, ఎక్కిస్తుంది. అప్పుడది నా దగ్గరికి వస్తుంది. వెండర్ పేరు సిస్టమ్‌లో లేకపోతే అక్కడే నిలబడిపోతుంది. ఆ ప్యాకెట్ అందుకు.

ప్యాకెట్ చూసి బెదరకండి. ఇందులో ముప్పాతిక భాగం పది లక్షల కాంట్రాక్టుకీ మీ 990 డాలర్లకీ ఒకే ఫారాలు.

డబ్ల్యూ-9లో మొదటి లైనులో ఐఆర్‌ఎస్ (అమెరికా ఆదాయపన్ను శాఖ) దగ్గర ఏ పేరుంటే అదే రాయాలి. పొలానికి పెట్టుకున్న ముద్దుపేరు రెండో లైనులోకి వెళ్ళాలి. మీది ఒక్కరే యజమానిగా ఉన్న ఎల్‌ఎల్‌సీ అయితే, మామూలుగా మొదటి లైనులో మీ సొంత పేరు వస్తుంది. నా దగ్గర ఆగిపోయే ప్యాకెట్లలో ఎక్కువ ఈ పేరు దగ్గరే ఆగుతాయి, ఇంకెక్కడా కాదు.

కాన్‌ఫ్లిక్ట్ ఫారం అంటే సీఐక్యూ, డిస్ట్రిక్ట్‌లో మీకు కావలసినవాళ్ళున్నారా అని అడిగే ప్రశ్నల కాగితం. లోకల్ గవర్నమెంట్ కోడ్ 176వ అధ్యాయం. బోర్డు సభ్యులతోగానీ, కాంట్రాక్టుల్లో నిర్ణయం తీసుకునే ఉద్యోగులతోగానీ మీకు చుట్టరికమో వ్యాపారమో ఉంటే, లేదా 12 నెలల్లో 100 డాలర్లు దాటిన బహుమతి ఇచ్చి ఉంటే రాసివ్వాలి. కాబట్టి మీకు నా సలహా: దీపావళికి ప్రిన్సిపాల్ గారికి కాజూ కత్లీ డబ్బాలు, వెండి కుంకుమ భరిణెలు పంపే ఆలోచన ఉంటే విరమించుకోండి. మన మర్యాద మా ఆడిటర్‌కి అర్థం కాదు.

నేరచరిత్ర నోటీసు ఎడ్యుకేషన్ కోడ్‌లో ఉన్నదే. యజమానికో, వ్యాపారం నడిపేవాళ్ళకో ఫెలనీ (తీవ్రమైన నేరం) కింద శిక్ష పడి ఉంటే ముందే చెప్పాలి. లేకపోతే 'లేదు' దగ్గర టిక్ పెట్టి సంతకం చేయడమే. ఇజ్రాయెల్ హామీ మీకు వర్తించదు. లక్ష డాలర్లు, ఆపై కాంట్రాక్టులకి, పదిమందికి తక్కువ కాకుండా ఫుల్‌టైమ్ ఉద్యోగులున్న కంపెనీలకే అది. 'వర్తించదు' అని రాసి పంపండి, ఖాళీగా మాత్రం వదలకండి. ఖాళీ గడి కనిపిస్తే మా కొత్త క్లర్కు ప్యాకెట్ మొత్తం తిరుగుటపాలో పంపేస్తుంది.

అడ్వాన్సు సంగతి. అందని సేవకి ప్రజల డబ్బు ముందే ఇవ్వడం మాకు పెద్ద తలనొప్పి. టెక్సస్ రాజ్యాంగం మూడో ఆర్టికల్ 52వ సెక్షన్, ప్రభుత్వ సొమ్మును ప్రైవేటువాళ్ళకి ఊరికే ఇవ్వకూడదంటుంది. 'వెనక్కి ఇవ్వబడదు' అనే మాట దాని పక్కన పెడితే మా లాయరు పెన్ను ఆగదు. పెద్ద మ్యూజియమ్‌లు కొన్ని అడ్వాన్సు తీసుకోగలుగుతున్నాయి, అది వాళ్ళ బలం. మీరు దాని బదులు ఇది అడగండి: చివరి హెడ్‌కౌంట్ ట్రిప్‌కి వారం ముందు ఇవ్వాలి, బిల్లు మాత్రం ఆరోజు వచ్చిన పిల్లల సంఖ్యకిగానీ ఆ హెడ్‌కౌంట్‌లో 90 శాతానికిగానీ, ఏది ఎక్కువైతే దానికి. ఉరుములు, మెరుపులు, మంచు ఉంటే ఫలానా తేదీకి మార్పు, అదనపు ఖర్చు లేకుండా. ఇలాంటివి నేను చాలాసార్లు ఒప్పుకున్నాను. పీఓ 110 మందికి వస్తుంది, ఆరోజు జ్వరాలు, జలుబులు పోను వందమందికి అటూఇటూగా వస్తారు, ఎప్పుడూ జరిగేది ఇదే.

డబ్బు ఆలస్యం అవుతుందని భయం ఉంటే, దానికీ చట్టం ఉంది. గవర్నమెంట్ కోడ్ 2251 ప్రకారం సేవ అందిన రోజు, ఇన్‌వాయిస్ చేరిన రోజు, రెండిట్లో ఏది వెనకైతే దాన్నుంచి 30 రోజుల్లో కట్టాలి. బోర్డు నెలకి ఒకసారో అంతకంటే తక్కువో కూర్చునే చోట 45 రోజులు. దాటితే వడ్డీ. అయితే ఇన్‌వాయిస్ టీచర్‌కి పంపితే గడియారం మొదలవదు. బిల్లులు కట్టే అకౌంట్స్ పేయబుల్ విభాగానికి పంపండి, పైన పీఓ నంబరు వేసి. ఆ నంబరు లేని ఇన్‌వాయిస్ మా ఆఫీసులో అనాథ.

ఇక బాధ్యత. ఇదే అసలు విషయం, మిగతాదంతా కాగితాల గోల.

'పిల్లలకి ఏమైనా అయితే స్కూలుదే బాధ్యత' అని మీరు రాసినా అది నిలవదు. టెక్సస్ టార్ట్ క్లెయిమ్స్ చట్టం కింద స్కూల్ డిస్ట్రిక్ట్ మీద గాయాలకి దావా వేయాలంటే, అది మోటారు వాహనం నడపడం వల్ల జరిగినదై ఉండాలి. బస్సు గుద్దితే మా మీదికి వస్తారు. మీ మేక పొడిస్తే రాలేరు. ఆ కుటుంబం లాయరు అప్పుడు ఎవరి వైపు చూస్తాడు? మీ గేటు వైపే. చట్టం మాకిచ్చిన ఆ రక్షణని ఒక పేజీ అగ్రిమెంటులో మీకు రాసిచ్చే అధికారం మా బాస్‌కి కూడా లేదు. కొందరు 'టెక్సస్ చట్టం అనుమతించినంతవరకు' అనే మాట చేర్చి ఒప్పుకుంటారు. ఆ మాట చేరాక చేతికి మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు.

తల్లిదండ్రుల చేత వేవర్ రాయించుకుంటానంటారా, రాయించుకోండి, కానీ దాన్నే నమ్ముకోకండి. పిల్లల తరఫున తల్లిదండ్రులు ముందుగానే హక్కు వదులుకోవడం చెల్లదని హ్యూస్టన్ అప్పీళ్ళ కోర్టు 1993లోనే తీర్పిచ్చింది.

మీకు అక్కరకొచ్చేవి వేరే ఉన్నాయి. 2015లో వచ్చిన టెక్సస్ అగ్రిటూరిజం (పొలం సందర్శనల) చట్టం, సివిల్ ప్రాక్టీస్ కోడ్ 75ఎ అధ్యాయం. చట్టంలో ఉన్న హెచ్చరికని అక్షరం పొల్లుపోకుండా బోర్డు రాయించి పెడితే, పొలంలో సహజంగా ఉండే ప్రమాదాల వల్ల జరిగే గాయాలకి చాలావరకు రక్షణ దొరుకుతుంది. పశువులకి సంబంధించి 87వ అధ్యాయంలో ఇంకో హెచ్చరిక బోర్డు ఉంది, అదీ పెట్టండి. మాటలు మీ సొంతంగా అందంగా రాయించకండి, చట్టంలో ఉన్నవే ఉండాలి. అయితే కంచె స్తంభం ఊగుతోందని మీకు తెలిసీ వదిలేస్తే ఏ బోర్డూ కాపాడదు. ట్రిప్ ముందురోజు సాయంత్రం పొలమంతా ఒకసారి నడిచి, ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఆ తర్వాత ఇన్సూరెన్స్. మీ ఏజెంటు చెప్పింది నిజమే. మామూలు ఫార్మ్ పాలసీ డబ్బు తీసుకుని జనాన్ని లోపలికి రానిస్తే సాధారణంగా పక్కకి తప్పుకుంటుంది. అగ్రిటూరిజం కవర్ ఉన్న జనరల్ లయబిలిటీ కావాలి. మా దగ్గర సాధారణంగా ఒక ఘటనకి పది లక్షల డాలర్లు, మొత్తం ఇరవై లక్షలు అడుగుతాం. సర్టిఫికెట్‌లో డిస్ట్రిక్ట్ పేరు 'సర్టిఫికెట్ హోల్డర్' గడిలో రాస్తే చాలదు. ఆ గడికి చట్టపరంగా ఏ హక్కూ రాదు, సర్టిఫికెట్ పైన చిన్న అక్షరాల్లో ఆ మాటే రాసి ఉంటుంది. 'అడిషనల్ ఇన్సూర్డ్' ఎండార్స్‌మెంట్ కాగితం విడిగా జతచేయమని ఏజెంటుని అడగండి.

ఇంత ఖర్చు 990 డాలర్లకి గిట్టుబాటు కాదు, ఒప్పుకుంటాను. ఒక్క ట్రిప్ కోసమైతే వదిలేయండి. ఏడాదికి పది స్కూళ్ళని పిలిచే ఉద్దేశం ఉంటేనే దిగండి. ఒకసారి సిస్టమ్‌లోకి ఎక్కారంటే ఆ డిస్ట్రిక్ట్‌లో ఏ స్కూలైనా మిమ్మల్ని ఎంచుకోవచ్చు.

---

ఫ్రిస్కో_పీటీఏ_కోశాధికారి

పిన్నిగారు చెప్పింది బాగుంది కానీ ఒక దగ్గరదారి ఉంది బ్రో. పీటీఏ, అంటే స్కూలు తల్లిదండ్రులు, టీచర్ల సంఘం, డిస్ట్రిక్ట్‌లో భాగం కాదు, విడిగా నడిచే లాభాపేక్ష లేని సంస్థ. మా బడ్జెట్‌లో ఫీల్డ్ ట్రిప్ లైను ఉంటే రెండు సంతకాలతో చెక్కు రాసిచ్చేస్తాం. పీఓ లేదు, వెండర్ సెటప్ లేదు, అడ్వాన్సు కూడా ఇవ్వగలం. మా స్కూలు ట్రిప్పుల్లో కొన్నిటికి వెన్యూ డబ్బులు మేమే కడతాం, డిస్ట్రిక్ట్ బస్సు మాత్రం చూసుకుంటుంది. టీచర్‌ని వాళ్ళ పీటీఏ ప్రెసిడెంట్‌తో మాట్లాడమను.

టాక్స్ విషయం మర్చిపోకు. స్కూలో పీటీఏనో తన డబ్బుతో కడితే 01-339 ఎగ్జెంప్షన్ (పన్ను మినహాయింపు) సర్టిఫికెట్ ఇస్తుంది, అది ఫైల్లో పెట్టుకో. గేటు దగ్గర పిల్లలు తలా తొమ్మిది డాలర్లు నీ చేతికిస్తే అది వేరే లెక్క, సేల్స్ టాక్స్ గురించి నీ సీపీఏని అడగాల్సి ఉంటుంది. ఎప్పుడూ ఒకే చెక్కు తీసుకో.

---

బే_ఏరియా_గ్రూప్‌బుకింగ్స్

నేను కాలిఫోర్నియాలో ఒక పిల్లల మ్యూజియంలో గ్రూప్ బుకింగ్స్ చూస్తాను. టెక్సస్‌కి నేరుగా వర్తించదు కానీ బల్లకి అవతలి వైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెప్తాను.

మా దగ్గర ఎడ్యుకేషన్ కోడ్ 17604 ప్రకారం బోర్డు ఆమోదించేదాకా, లేదా తర్వాతైనా ఖాయం చేసేదాకా ఒప్పందం చెల్లదు. అందుకే మా చిన్న కాంట్రాక్టులు కూడా బోర్డు మీటింగు అజెండాలో బారులు తీరి కనిపిస్తాయి. సెప్టెంబరులో ట్రిప్ కావాలంటే జూన్‌లో కాగితాలు కదలాలి. ఇంకోటి, 35330 సెక్షన్. డబ్బు లేదని ఏ పిల్లనీ ట్రిప్‌కి ఆపకూడదు. ట్రిప్‌కి వెళ్ళేవాళ్ళు గాయాలకి డిస్ట్రిక్ట్ మీద క్లెయిములు వదులుకున్నట్టే లెక్క. అంటే ఇక్కడ కూడా చివరికి వెన్యూ వైపే చూస్తారు. పిన్నిగారు చెప్పినదానికి ఇది ఇంకో రాష్ట్రం సాక్ష్యం అనుకోండి.

మేకలదొడ్డి గారికి నా అనుభవంలోంచి ఒకటే. ధర తలకి కాకుండా బస్సుకి పెట్టండి. ఒక బస్సు అంటే ఇన్ని డాలర్లు, ఇంతమంది దాకా. ఏడుగురు రాకపోయినా మీకు దిగులుండదు, సెక్రటరీకి లెక్క తేలిక. పెద్దవాళ్ళు పదిమంది పిల్లలకి ఒకరు చొప్పున ఉచితం, అంతకు మించి వస్తే టికెట్ అని ముందే రాసేయండి. లేకపోతే మనవాళ్ళ స్కూళ్ళలో అమ్మమ్మ, తాతయ్య, చంకలో చిన్నది, అందరూ వచ్చేస్తారు. నాకు ఆ గుంపు చూస్తే సంతోషమే, కానీ మా మేనేజరు వేరే లోకంలో ఉంటాడు.

---

మేకలదొడ్డి_సెలైనా

అందరికీ థాంక్యూ. పిన్నిగారూ, మీరు రాసింది ప్రింట్ తీసి మా ఆవిడకి ఇచ్చాను. ఆవిడ ఆ డిస్ట్రిక్ట్‌లోనే సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా వెళ్తుంటుంది, అది సీఐక్యూలో రాయాలా అని టెన్షన్ పడుతోంది. ఇన్సూరెన్స్‌కి ఇంకో ఏజెంటుని పట్టాను, రేటు అడిగాను.

పీటీఏ దారి నాకు తేలిగ్గా అనిపిస్తోంది. అలా వెళ్తే ఈ ప్యాకెట్ అంతా తప్పుతుందా? ఇంకో మాట, ఆ డిస్ట్రిక్ట్ ఆవిడ ఫోన్ చేసి 'మీకు యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) లైసెన్స్ ఉందా' అని అడిగింది. గొర్రెల్ని చూపించడానికి లైసెన్స్ ఏమిటండీ?

---

పర్చేజింగ్_పిన్ని

లైసెన్స్ గురించి ఆవిడ అడిగింది సరైన ప్రశ్నే, నేనే ముందు రాయాల్సింది. జంతువుల్ని జనానికి చూపించి డబ్బు తీసుకుంటే యానిమల్ వెల్ఫేర్ చట్టం కింద ఎగ్జిబిటర్ అవుతారు. మేకలు, గొర్రెలు, ఆవులు, పందులు లాంటివి అన్నీ కలిపి ఎనిమిది దాకా ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది. మీకు మేకలే పద్నాలుగు. యూఎస్‌డీఏ లైసెన్స్‌కి 120 డాలర్లు, మూడేళ్ళకి. ముందు ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తారు, అందుకే ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, అక్టోబరు దగ్గరపడ్డాక కాదు. ఎనిమిదింటినే చూపిస్తానని మిగతావాటిని షెడ్డులో దాచే తెలివితేటలు ఇక్కడ వద్దు, ముందు వాళ్ళనే అడగండి.

పీటీఏ తమ్ముడు చెప్పింది నిజమే, కానీ సగమే. పీటీఏ చెక్కు ఇస్తే డబ్బు దారి మారుతుంది. స్కూలు వేళల్లో, స్కూలు బస్సులో పిల్లలు వస్తున్నప్పుడు అది ఇంకా డిస్ట్రిక్ట్ ట్రిప్పే. కాబట్టి ట్రిప్ ఆమోదం కావాలి, ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ అడిగే డిస్ట్రిక్ట్ అప్పుడూ అడుగుతుంది. తప్పేవి డబ్ల్యూ-9, సీఐక్యూ, పీఓ గొడవ. మొదటి ట్రిప్ అలా చేసి, పని ఎలా ఉందో చూసుకుని, తర్వాత వెండర్‌గా చేరండి. నేను మీ స్థానంలో ఉంటే అదే చేస్తాను. మా బాస్ ఈ సైటు చదవడు కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను.

మీ ఆవిడ సంగతి. సీఐక్యూలో చూసేది బోర్డు సభ్యులు, సూపరింటెండెంట్, కాంట్రాక్టులు నిర్ణయించే ఉద్యోగులు. సబ్‌స్టిట్యూట్ టీచర్‌కి ఆ చేయి ఉండదు. అయినా కవరింగ్ లెటర్‌లో ఒక వాక్యం రాసేయమనండి, పైగా డిస్ట్రిక్ట్ సొంత పాలసీలో ఉద్యోగుల కుటుంబాల వ్యాపారం గురించి వేరే నియమం ఉండొచ్చు. రాసినదాని వల్ల ఎవరూ చిక్కుల్లో పడరు.

ఇక కాగితంలో కనిపించని రెండు మూడు సంగతులు.

బస్సు. పసుపుపచ్చ బస్సులు పొద్దున పిల్లల్ని దించాకే మీ దగ్గరికి బయల్దేరతాయి, మధ్యాహ్నం పిల్లల్ని ఇళ్ళకి చేర్చే వేళకి తిరిగి వచ్చేయాలి. మీ చేతిలో ఉండేది తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా, అందులో దారి పోను ఇంకా తక్కువ. మీ కార్యక్రమం నాలుగు గంటలని రాస్తే ట్రాన్స్‌పోర్టేషన్ వాళ్ళు చూడగానే తిప్పి పంపుతారు. రెండు గంటలు చాలు: గుడ్లు, మేకలు, మడులు, భోజనం, నాలుగు గుంపులుగా తిప్పండి. మీ మట్టిరోడ్డు మీద పెద్ద బస్సు వెనక్కి తీయకుండా తిరిగి వెళ్ళగలదా అన్నది కూడా చూసుకోండి. ఒక పొలానికి మా పీఓ క్యాన్సిల్ అయింది ఈ ఒక్క కారణం వల్లే. వానపడితే ఆ నల్లమట్టి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

భోజనం. ఉచిత భోజనం తీసుకునే పిల్లలకి క్యాఫెటేరియా వాళ్ళు సంచుల్లో లంచ్ కట్టి పంపుతారు. ఐస్ పెట్టెలు పెట్టడానికి నీడ, కూర్చోవడానికి చోటు, దగ్గర్లో చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు, సబ్బు. శానిటైజర్ చాలదు. పశువుల్ని ముట్టుకున్న చేతులకి ఈ-కోలై భయం ఉంటుంది, రిస్క్ ఆఫీసరు వచ్చి మొదట చూసేది సింకులే. అవి పశువుల దొడ్డి నుంచి బయటికి వచ్చే దారిలో ఉండాలి, భోజనం బల్ల పక్కన కాదు. మీరు బెంచీల కంటే ముందు సింకులు కొనండి, కానీ పీఓనో పీటీఏ చెక్కో చేతికొచ్చాక.

వీల్‌చెయిర్‌లో వచ్చే పిల్లలు ఉంటారు. వాళ్ళని స్కూల్లో వదిలేసి మిగతావాళ్ళని తీసుకురావడం చట్టరీత్యా కుదరదు. 1973 నాటి రీహాబిలిటేషన్ చట్టం, ఏడీఏ (వికలాంగుల హక్కుల చట్టం) రెండూ అడ్డు వస్తాయి. ఇంక్యుబేటర్ షెడ్డు దాకా గట్టి బాట వేయండి, ఎత్తుగడప తీసేయండి. ట్రాక్టర్ బండి మీద తిప్పే ఉద్దేశం ఉంటే ర్యాంప్ కావాలి. ఇది చూపించగలిగితే మీకు మిగతా పొలాల కంటే ఓటు ముందు పడుతుంది. నేనైతే వేస్తాను.

ఎప్పుడు అన్న ప్రశ్న కూడా ఉంది. ఏప్రిల్‌లో స్టార్ అనే రాష్ట్ర పరీక్షలు, ఎవరూ కదలరు. వసంతంలో పీఓలకి ఆఖరి తేదీ పెడతారు, ఎందుకంటే కొన్ని డిస్ట్రిక్టుల లెక్కల ఏడాది జూన్‌తో, కొన్నింటిది ఆగస్టుతో ముగుస్తుంది. మే నెల ట్రిప్‌కి డబ్బు ఉన్నా కాగితం ఉండదు. అక్టోబరు, నవంబరు మీ పంట.

---

కాటీ_నుంచి_కవిత

పిన్నిగారూ, ఒక చిన్న సందేహం. మా ఊళ్ళో ఒక మ్యూజియంకి ప్రతి స్కూలూ వెళ్తుంది. వాళ్ళకి టెండర్ అవసరం లేదా? మా బోర్డు మీటింగులో ఎవరో ఇదే అడిగి గోల చేశారు.

---

పర్చేజింగ్_పిన్ని

ఒక్కో స్కూలు విడిగా కట్టేది చిన్నదే. చట్టం మాత్రం డిస్ట్రిక్ట్ మొత్తాన్ని ఒకటిగా చూస్తుంది, 12 నెలల్లో అంతా కలిపి. ఆ హద్దు మొన్నటిదాకా 50,000 డాలర్లు, 2025 సెప్టెంబరు నుంచి 1,00,000. అది దాటుతుందనిపిస్తే పోటీ పద్ధతిలో వెళ్ళాలి. లేదా బైబోర్డు లాంటి కోఆపరేటివ్ ముందే పోటీ పెట్టి ఎంచుకున్న వెండర్ల జాబితా ద్వారా కొనాలి. మ్యూజియం ఒక్కటే ఆ ప్రదర్శన ఇవ్వగలిగితే 'సోల్ సోర్స్' అని అడుగుతారు కానీ చట్టంలో ఆ మినహాయింపు చాలా ఇరుకు. గోల చేసినాయన అడిగిన ప్రశ్న తప్పేమీ కాదు.

---

మేకలదొడ్డి_సెలైనా

టీచర్‌తో మాట్లాడాను, వాళ్ళ పీటీఏ సరేనంది. యూఎస్‌డీఏకి దరఖాస్తు పెట్టాను. ధర కూడా బే ఏరియా వాళ్ళు చెప్పినట్టు బస్సుకి మార్చాను. ఆఖరి ప్రశ్న: ట్రిప్ రోజు ఫొటోలు మా పొలం ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవచ్చా? పబ్లిసిటీకి బాగుంటుంది కదా.

---

పర్చేజింగ్_పిన్ని

వద్దు. తల్లిదండ్రులు ఫొటో అనుమతి ఇవ్వని పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు, ఎవరెవరో మీకు తెలియదు, టీచర్ మీకు చెప్పకూడదు కూడా. విడాకుల కేసుల్లో పిల్లలు ఎక్కడున్నారో బయటపడకూడని కుటుంబాలుంటాయి. మీ పనివాళ్ళ ఫోన్లు కూడా జేబుల్లోనే ఉండాలని ముందే చెప్పండి. పబ్లిసిటీ కావాలంటే శనివారం వచ్చే మనవాళ్ళని అడిగి తీసుకోండి. డిస్ట్రిక్ట్ పేరు, స్కూల్ లోగో వాడటం గురించి కూడా నిబంధన ఉంటుంది. మీ ప్యాకెట్‌లో 'పబ్లిసిటీ' అనే శీర్షిక కింద వెతకండి, ఎక్కువగా ఆఖరి రెండు పేజీల్లో పెడతారు.